కారు... కారకులు

పోయిన వారం మనం బాపట్ల రైలుగేటు దగ్గర ఆగిపోయాం. ఆగనిదల్లా కారొక్కటే.

పుస్తకం పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇవ్వనందువల్ల ఆ వారం చదవలేకపోయిన వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెబుతాను. రేపల్లెలో కాన్పులు చూసే లేడీ డాక్టరు రాజ్యలక్ష్మి తన ఎర్ర స్పోర్ట్సు కారులో బాపట్ల వెళుతూ, వేసి ఉన్న గేటు ముందు బ్రేకు తొక్కింది. తొక్కిన కాలు అడుగుదాకా దిగింది గాని, తొక్కించుకున్న కారు నిలవలేదు. గేటుకు గుద్దుకోకుండా పక్కకు తిప్పింది. ఆ పక్కన సైకిలు మీద చేపలబుట్ట పెట్టుకుని వాడరేవు సింగరయ్య నిలబడి ఉన్నాడు. సైకిలు వంకర, బుట్ట తునక, సింగరయ్య కుడికాలు రెండు ముక్కలు. ఆయన బాపట్ల ఆస్పత్రిలో మంచమెక్కాడు. కారు లారీ ఎక్కి తెనాలిలో సంజీవరావు షెడ్డుకు చేరింది. ఊరు మాత్రం ఏమీ ఎక్కకుండానే తీర్పు చెప్పేసింది: "ఆడమనిషి, అందులోనూ స్పోర్ట్సు కారు. అయ్యేదే అయింది."

ప్రమాదానికి కారకులెవరు? కారా? కారు నడిపినవారా? నడిపినవారు కారా? ఈ మూడు కారాల్లో ఏ కారం ఎవరి కంట్లో పడుతుందోనన్నదే ఈ వారం మన బాధ.

పొద్దున బ్రేకు ఇనస్పెక్టరు దశరథరామయ్య వచ్చి చూసి వెళ్ళాడు. పేరులోనే రథం పెట్టుకున్న మనిషి. ఆ రథంలో పది లారీల బరువుంది. నేలకు జానెడెత్తున ఉన్న ఆ సీటులోకి ఆయన్ని దించడానికి ఇద్దరు, లేపడానికి నలుగురు కావలసి వచ్చారు. కూర్చుని బ్రేకు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. పెడలు పెడసరంగా నిలబడింది, కాలి కింద రాయి పెట్టినట్టు.

"బ్రేకు బ్రహ్మాండంగా ఉందయ్యా సంజీవరావూ! లేనిది నడిపినావిడకే. నేను రేపల్లెలో బస్సులు చూసుకుని సాయంత్రం ప్యాసింజరులో తిరిగొస్తా. ఈలోగా కారులో లోపం ఉంటే చూపించు. లేదంటే డ్రైవరుదే తప్పని రాసి కోర్టుకు పంపుతా."

"చూపిస్తానండి! ఎందుకు చూపించనూ!" అని అరిచాడు సంజీవరావు. ఆయనకు అరవడం తప్ప మాట్లాడడం రాదు. ఇంజను మోతలో పెరిగిన గొంతు. మిషన్ కాంపౌండు గుడిలో ఆయన మనసులో ప్రార్థన చేసుకుంటే చివరి బల్లమీదివాళ్ళు ఆమెన్ అంటారు.

ఇనస్పెక్టరు నవ్వాడు. "ఆవేశపడకు. ఈ కారుకు కిందటి నెల బ్రేకులు కట్టింది నువ్వేనటగా? లోపం కారులో ఉందన్నావనుకో, అది నీ చేతిలోంచి వచ్చిన లోపమే అవుతుంది. షెడ్డుకు తాళం, నీ మీద కేసు. ఆలోచించుకుని వెతుకు."

అదీ సంగతి. దొరికితే తను, దొరక్కపోతే డాక్టరమ్మ. సొంత మెడకు ఉరి ఎక్కడుందో వెతుక్కోమని చేతికి పానా ఇచ్చి పోయాడన్నమాట.

మధ్యాహ్నానికి షెడ్డు రేకులు పెనంలా కాలాయి. కారును జాకీల మీద లేపి, చువ్వల చక్రాలు నాలుగూ ఊడదీసి గోడకు ఆనించాడు సంజీవరావు. రాజ్యలక్ష్మి స్టూలు మీద కూర్చుంది. ఆ కారు ఆవిడ తండ్రి మల్లికార్జునరావుది. పొగాకు కొనుగోలుకు వచ్చి, సీమకు తిరిగిపోతున్న దొర దగ్గర ఆయన ముచ్చటపడి కొన్నాడు. కూతురికి నడపడం నేర్పి, ఆ ముచ్చట తీరకుండానే పోయాడు. అప్పటినుంచీ చీకట్లో కబురొచ్చినా, వానలో కబురొచ్చినా, కొల్లూరు కరకట్ట మీదుగా లంకపల్లెల దాకా ఆ కారే ఆవిడ కాలు. కేసు నిలిస్తే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే, ఏ తల్లి దగ్గరికి ఎంత ఆలస్యంగా చేరతానో అన్నదే ఆవిడ దిగులు.

గుమ్మంలో మూడో మనిషి ఉంది. సింగరయ్య పెళ్ళాం వెంకాయమ్మ. ఖాళీ చేపలబుట్ట బోర్లించి దానిమీద కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఈ ఎండలో? ఆస్పత్రిలో ఆయన దగ్గరుండక!" అన్నాడు సంజీవరావు.

"మా మరిదిని కూకోబెట్టొచ్చానన్నా. నాకో పేరు కావాల."

"పేరేంటి?"

"తిట్టడానికి! ఎవర్ని తిట్టాలో తెలీక నోరు కట్టేసుకుని కూకున్నాను. మా ఆయనేమో డాక్టరమ్మది తప్పు కాదంటాడు. ఆ యమ్మే రోడ్డుమీద కూకుని చీర చింపి కట్టు కట్టిందంట. జనమేమో ఆ యమ్మదే తప్పంటారు. పోలీసాయన సాయంత్రం తేలుద్ది అంటాడు. తేలేదాకా ఈడే ఉంటా. ఒక్క పేరు చెప్పండి. కడుపారా తిట్టుకుని పోతా."

గోడ అవతల సంజీవరావు భార్య విజయమ్మ కుట్టుమిషను టకటకలాడుతోంది. ఆవిడ జాకెట్లు కుట్టే చప్పుడూ, ఆయన ఇంజన్లు కొట్టే చప్పుడూ కలిస్తేనే ఆ ఇంట్లో కాపురం నడుస్తున్నట్టు లెక్క. ఏ ఒకటి ఆగినా ఇరుగుపొరుగు తొంగిచూస్తారు. ఇప్పుడు ఆ మిషను ఆగి, విజయమ్మ ఇత్తడి చెంబుతో మంచినీళ్ళు, గిన్నెలో ఇంత అన్నం, మామిడికాయ పప్పు తెచ్చి వెంకాయమ్మ ముందు పెట్టింది.

"తిను అక్కా. తిట్టడానికైనా ఓపిక ఉండాలిగా."

"నీ నోరు చల్లగుండ! మీ ఆయన అరుపుకీ నీ మాటకీ ఎట్టా కలిసిందమ్మా కాపరం?"

"ఆయనకి హారనుంది, నాకు బ్రేకుంది. కలిసింది" అని నవ్వి లోపలికి పోయింది విజయమ్మ. మిషను మళ్ళీ టకటకలాడింది.

సంజీవరావు కారు కిందికి దూరాడు. బ్రేకు పడలేదంటే మొదటి అనుమానం ఎక్కడో కారుతోందని. గొట్టాలు తడిమాడు. చక్రాల వెనక చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు.

"కారు కారడం లేదండీ!" అని కిందనుంచే కేకేశాడు. "కారితే బాగుండును. కారని కారుతో చావొచ్చింది."

బానెట్టు ఎత్తి బ్రేకాయిలు డబ్బాలో చూశాడు. ఆయిలు అంచుదాకా ఉంది. గాలి చేరిందేమోనన్నాడు. చేరితే పెడలు మెత్తగా దిగాలి, దిగడం లేదు. పెడలు కడ్డీ ఊడిందేమోనన్నాడు. ఊడలేదు. అన్నీ వరసగా చూసి, అన్నీ బాగున్నందుకు వరసగా తిట్టి, చివరికి బల్లమీద కూలబడ్డాడు. నేను కట్టిన బ్రేకుకు తిరుగులేదని తెనాలి అంతా చాటుకున్నవాడు. ఆ మాటే నిజమైతే డాక్టరమ్మ జైలుకు పోతుంది.

"డాక్టరమ్మగారూ, ఏమనుకోకండి... కంగారులో బ్రేకు బదులు క్లచ్చి తొక్కారేమో?"

ఆవిడకు ఊరు తిడితే రాని కోపం ఇప్పుడొచ్చింది.

"మీరూ అదే మాటా! మా ఆస్పత్రిలో కడుపునొప్పని వచ్చినవాళ్ళను పడుకోబెట్టి పొట్ట నొక్కుతాం. ఆ క్షణాన నొప్పి లేకపోతే నొప్పే రాలేదంటామా? ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏం జరిగింది అని అడుగుతాం. పొద్దుటినుంచీ కారును అడుగుతున్నారు. నన్నొక్క మాట అడిగారా?"

సంజీవరావు చేతిలో పానా బల్లమీద పెట్టాడు. "అడగలేదండి" అన్నాడు.

"అడగండి మరి."

"దానికి ముందేం జరిగిందండి?"

"రేపల్లె దాటినప్పటినుంచే బండి బరువుగా ఉంది. బురదలో నడిచినట్టు. గేరు మార్చినా గీర దిగలేదు. చెరుకుపల్లిలో ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడుతున్న వాసనొచ్చింది. ఇంజనేమోననుకున్నా. కర్లపాలెం దగ్గర సోడా తాగుదామని కాలు తీశాను. బ్రేకు తొక్కలేదు. బండి తనంతట తనే ఆగింది."

"తనంతట తనే?"

"ఎవరో వెనక పట్టుకుని లాగినట్టు."

సంజీవరావు గభాల్న లేచి ముందు చక్రం బ్రేకు డ్రమ్ము లాగి వెలుగులో పెట్టాడు. లోపలి ఇనుము నీలం తిరిగి ఉంది. బ్రేకు కట్టలు మాడి అద్దంలా మెరుస్తున్నాయి. రెండోదీ అంతే.

"ప్రభువా!" అని ఆయన అరిచిన అరుపుకు వెంకాయమ్మ చేతిలో ముద్ద జారింది. "బ్రేకు పడకపోవడం కాదండీ, పడిన బ్రేకు వదల్లేదు! రేపల్లెనుంచీ పట్టుకునే ఉంది. పట్టీ పట్టీ చక్రం నిప్పులా కాలింది. ఆ వేడికి లోపల ఆయిలు ఉడికి బుడగలు కట్టింది. మీరు గేటు దగ్గర తొక్కింది ఆయిలును కాదు, ఆవిరిని! పట్టు వదలకే పట్టు తప్పిందండీ! చల్లారాక బుడగలు పోయాయి, పెడలు మళ్ళీ రాయి. ఆ రాయినే ఇనస్పెక్టరు తొక్కి ముచ్చటపడ్డాడు!"

రాజ్యలక్ష్మి కళ్ళు మూసుకుంది. ప్రమాదం జరిగినప్పటినుంచి మొదటిసారి ఆవిడ భుజాలు కిందికి దిగాయి. తన కాలు తనతో అబద్ధం చెప్పలేదు.

"అయితే ఎందుకు వదల్లేదు?" అంది కళ్ళు తెరిచి. డాక్టరుగదా, జబ్బు పేరు తెలిసినంత మాత్రాన ఊరుకోదు.

"మాస్టరుని అడగాలండి" అన్నాడు సంజీవరావు. డబ్బా కింద ఉండే ఇనప సిలిండరును వాళ్ళు మాస్టరు అంటారు. కాలు తొక్కితే ఆయిలును నాలుగు చక్రాలకూ నెట్టేదీ, కాలు తీస్తే వెనక్కి పిలిచేదీ అదే. "మా నాన్న మిషన్ బడిలో మాస్టరు. ఆయనకు కోపమొస్తే క్లాసంతా ఫెయిలు. ఇక్కడా అంతే."

మాస్టరును ఊడదీసి బల్లమీద విప్పాడు. లోపలి రబ్బరు వాషరును పుల్లతో లాగితే రాలేదు. మళ్ళీ లాగితే పుటుక్కున వచ్చి అరచేతిలో పడింది. నెల కిందట తనే తొడిగిన వాషరు. అప్పుడు గుండీలా గట్టిగా, సన్నగా ఉంది. ఇప్పుడు పాకంలో పడ్డ బూరెలా ఉబ్బి, వేలితో నొక్కితే సొట్టపడుతోంది. అది ఉబ్బి, ఆయిలు వెనక్కి తిరిగొచ్చే సన్నటి కంతను మూసేసింది.

సంజీవరావు అరవలేదు. దానికే రాజ్యలక్ష్మికి భయం వేసింది.

"ఏంటి?"

"రబ్బరు ఇలా ఉబ్బాలంటే ఒకటే దారండి. బ్రేకాయిలంటాం గాని అది నూనె కాదు, వేరే మందు. పేరుకే ఆయిలు. అందులో అసలు నూనె కలిసిందంటే రబ్బరు తాగేస్తుంది."

వెంకాయమ్మ పక్కనున్న ఇత్తడి చెంబులో సగం నీళ్ళు మిగిలాయి. సంజీవరావు దాన్ని అడిగి తీసుకున్నాడు. "బ్రేకాయిలైతే నీళ్ళలో కలిసిపోతుంది" అని, డబ్బాలోంచి పుల్లతో ఒక చుక్క తీసి చెంబులో వేశాడు. ముగ్గురూ వంగి చూశారు.

చుక్క కలవలేదు. గుండ్రంగా కన్ను తెరిచినట్టు, రంగులు తిప్పుతూ, నీళ్ళమీద తేలింది.

"తేలిందా అన్నా?" అంది వెంకాయమ్మ.

"తేలిందమ్మా" అన్నాడు సంజీవరావు. ఇంకో రోజయితే ఈ మాటకు ఆయనే ముందు పగలబడి నవ్వేవాడు. "డాక్టరమ్మగారూ, ఈ డబ్బాలో మధ్యలో ఎవరైనా ఏమైనా పోశారా?"

"బయటెక్కడా పోయించలేదు. మీ షెడ్డులోనే కదా! ప్రమాదానికి రెండు రోజుల ముందు మందులకోసం తెనాలి వచ్చినప్పుడు, ఆయిలు తగ్గిందని ఇక్కడ ఆగాను. మీరేమో కొల్లూరు లంకలో ఎవరిదో ఆయిలింజను బాగుచెయ్యడానికి వెళ్ళారన్నారు. రేపల్లెలో ఒకామెకు నొప్పులొస్తున్నాయి, ఆలస్యమైతే ఎలాగా అన్నాను. అప్పుడు..."

ఆవిడ నాలుక అక్కడ బ్రేకు వేసింది. ఈసారి బ్రేకు పడింది. కాని కాస్త ఆలస్యంగా.

సంజీవరావు ఆ తేలిన చుక్కను బొటనవేలితో తీసి చూపుడువేలికి రాసుకున్నాడు. పల్చగా, రంగు లేకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంజనాయిలు కాదు. గేరాయిలు కాదు. ఆ వాసన ఆయనకు షెడ్డులో తెలిసింది కాదు. అన్నం వడ్డించే చేతినుంచి, జ్వరమొస్తే నుదుటిమీద వేసే చేతినుంచి వచ్చే వాసన.

గోడ అవతల మిషను టకటకలాడుతూనే ఉంది. నూనె బాగా పోసిన మిషను. ఎక్కడా కీచుమనడం లేదు.

"సంజీవరావుగారూ" అంది రాజ్యలక్ష్మి గొంతు తగ్గించి. "షెడ్డులో బ్రేకాయిలు డబ్బా ఖాళీ అయిందంది. ఉండండమ్మా, నా దగ్గరుంది అని లోపలికెళ్ళి చిన్న సీసా తెచ్చి పోసింది. నేను చూడనైనా లేదు, గడియారం చూసుకుంటున్నాను. తన బిడ్డను నా చేతులతో తీశానని, నన్ను ఊరికే పంపడం ఇష్టంలేక..."

"ఊరుకోండమ్మా" అన్నాడు సంజీవరావు, చేతనైనంత గొంతు తగ్గించి. గుమ్మంవైపు చూపు తిప్పాడు. వెంకాయమ్మ తినడం ముగించి, గిన్నె కడిగి, ఎవరి గిన్నె వాళ్ళకు భద్రంగా ఇవ్వాలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆయిలంటే ఆయిలే అనుకుంది. ఏం చేస్తుంది? ఆ పేరు పెట్టింది మేమే. రోజూ ఈ నోటితోనే బ్రేకాయిలు, బ్రేకాయిలు అని అరిచాను. అది నూనె కాదని ఒక్కసారి మెల్లగా చెప్పి ఉంటే!"

దూరంగా రేపల్లె ప్యాసింజరు కూత వినబడింది. రేపు రేపంటూ ఎన్నోసార్లు ఆలస్యంగా వచ్చే ఆ బండి ఇవాళే వేళకు రావాలా!

"కడిగేస్తే?" అన్నాడు సంజీవరావు హఠాత్తుగా. "కొత్త వాషరు వేసి, డబ్బా కడిగేస్తే..."

"అప్పుడు లోపం ఉండదు" అంది రాజ్యలక్ష్మి. "లోపం లేకపోతే కేసులో నేనుంటాను."

ఆ వాషరును సంజీవరావు గుప్పిట్లో పెట్టుకుని నిలబడిపోయాడు. అంత చిన్న రబ్బరు ముక్క. దాన్ని పారేస్తే ఒకామె, ఉంచితే ఇంకొకామె.

ఇనస్పెక్టరు దశరథరామయ్య రిక్షా దిగి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. జాకీల మీద కారునూ, బల్లమీద విప్పిన మాస్టరునూ చూశాడు.

"ఏవయ్యా, ఏమన్నా తేలిందా?"

సంజీవరావు చెంబు ఎత్తి చూపించాడు. గుప్పిట విప్పి వాషరు చూపించాడు. నీలం తిరిగిన డ్రమ్ములు చూపించాడు. పట్టిన బ్రేకు, ఉడికిన ఆయిలు, ఆవిరిలో దిగిపోయిన పెడలు, చల్లారాక మళ్ళీ గట్టిపడడం, అంతా చెప్పాడు. ఇనస్పెక్టరు వాషరును నొక్కి చూశాడు. చెంబులోకి తొంగిచూశాడు. ఆయన మొహంలో పొద్దుటి నవ్వు లేదు.

"నేను పొద్దున తప్పుగా చూశాను. డాక్టరమ్మా, మీ మాట నిజమే" అన్నాడు. "ఇంతకీ ఏం నూనె ఇది?"

"మిషనాయిలండి. కుట్టుమిషనుది."

గోడ అవతల మిషను ఆగిపోయింది.

"ఎవరు పోశారు?"

వెంకాయమ్మ బుట్టమీదనుంచి లేచింది. "అదేనయ్యా పొద్దుటినుంచి నేనడుగుతుండేదీ! ఎవరంట?"

"నేనే" అన్నాడు సంజీవరావు.

"వినపడలేదు" అన్నాడు ఇనస్పెక్టరు. సంజీవరావు మాట ఎదుటిమనిషికి వినపడకపోవడం తెనాలిలో అదే మొదలు.

"నేనేనండి. నేనే పోశాను."

వెంకాయమ్మ గాలి నిండా పీల్చుకుని నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా నాలుక చివరికి వచ్చింది. చేతిలో ఇంకా ఈ ఇంటి గిన్నె ఉంది. దానివంక చూసుకుంది. నోరు అలాగే ఉండిపోయింది.

ఇనస్పెక్టరు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఇంత తెలిసినవాడివి, బ్రేకులో మిషనాయిలు పోస్తావా? నేనెలా నమ్మేది?" అని రాజ్యలక్ష్మివైపు తిరిగాడు. "కారు మీది, పోసినప్పుడు మీరు పక్కనే ఉండి ఉంటారుగా డాక్టరమ్మా. మీరు చెప్పండి. పోసింది ఈయనేనా?"

అవునంటే ఆయన లోపలికి పోతాడు. కాదంటే ఆయన బయటపడతాడు, ఆయన ఇల్లాలు లోపలికి పోతుంది. రాజ్యలక్ష్మి సంజీవరావువైపు చూసింది. ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆవిడ చూపు ఆయన్ని దాటి ఇంటి గుమ్మం మీదికి పోయింది.

అక్కడ విజయమ్మ నిలబడి ఉంది. భుజంమీద సగం కుట్టిన జాకెట్టు. కుట్టు ముగించి తెంపబోయిన దారం ఇంకా పళ్ళమధ్యే ఉంది.

"ఆ రోజు పోసింది..." అంది రాజ్యలక్ష్మి.

విజయమ్మ పళ్ళమధ్య దారం పుటుక్కున తెగింది.